సైన్‌కు ఆ పేరెలా వచ్చింది?

"ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే సైన్" అని మీరు వల్లె వేస్తారు గదా! మరి సైన్ అనే మాటకు అర్థమేమిటి? ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి అడిగితే నేను సూత్రమే చెప్పాను. "సూత్రం కాదు మాస్టారూ, పేరుకు అర్థం" అంది. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబే ఇది.

ఒక వృత్తం గీయండి. అందులో ఒక చాపం తీసుకొని దాని రెండు కొనలనూ సరళరేఖతో కలపండి. ఈ రేఖ పేరు జ్యా అని మీకు తెలుసు. చాపమంటే విల్లు, జ్యా అంటే వింటినారి. మీరు గీసిన బొమ్మ అచ్చం విల్లులాగే ఉంది, చూశారా!

2వ శతాబ్దంలో టాలమీ అనే శాస్త్రజ్ఞుడు పూర్తి జ్యాలతో గ్రహగతుల లెక్కలు కట్టాడు. మన దేశపు పండితులు జ్యాలో సగమే తీసుకున్నారు. లెక్క సులువైంది. క్రీ.శ. 499 ప్రాంతంలో ఆర్యభటుడు రచించిన ఆర్యభటీయంలో 3°45' చొప్పున ఈ సగం జ్యాలు కట్టేందుకు 24 భేదాలున్నాయి. దీని పేరు అర్ధజ్య. వాడుకలో అది జ్యా, జీవా అని కురచయింది.

ఈ విద్య అరబ్బులకు చేరింది. వారు జీవాను 'జీబా' అని రాసుకున్నారు. వారి భాషలో ఆ మాటకు అర్థం లేదు. అరబ్బీలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. కాబట్టి అవే అక్షరాలను 'జైబ్' అని కూడా చదవవచ్చు. అది తెలిసిన మాట గనుక అలాగే చదివారు. జైబ్ అంటే వస్త్రపు మడత, ఒడి. 12వ శతాబ్దంలో ఐరోపా పండితులు అరబ్బీ గ్రంథాలను లాటిన్‌లోకి మార్చేటప్పుడు, మడతకు తమ భాషలో ఉన్న 'సైనస్' అనే మాట వేశారు. అదే ఇంగ్లీషులో సైన్ అయింది. వింటినారి చివరకు బట్టమడత అయిందన్నమాట!

జైబ్ కొత్త మాట అనుకుంటున్నారా? పారశీకం, ఉర్దూల మీదుగా వచ్చి అదే మన 'జేబు' అయింది. మీ చొక్కాకే ఉంది.

పేరు మారినా కొలత మారలేదు. కావాలంటే 10 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, కేంద్రం వద్ద 60° కోణం తీసుకోండి. జ్యా 10 సెం.మీ. వస్తుంది. అందులో సగం 5, కోణంలో సగం 30°. 5ను వ్యాసార్ధం 10తో భాగిస్తే 1/2. అదే సైన్ 30°! ఇక 80° కోణంతో మీరే చేసి, వచ్చిన జవాబును పట్టికలోని సైన్ 40°తో పోల్చి చూడండి.