తట్టమోసిన చేతికి తాపీ

తెల్లవారుజామున రావులపాలెము కూడలిలోగాని, రాజమహేంద్రవరములోగాని కూలికొరకు నిలుచున్న వారిని పరికించి చూచినచో ఇరుతెగల మనుష్యులు కనిపింతురు. కొందరి సంచులలో తాపీ, రసమట్టము, తూకుగుండు ఉండును. తక్కినవారి చేతిలో అన్నపు క్యారియరు తప్ప మరేమియు ఉండదు. ఇరువురును ఒకే గోడవద్ద, ఒకే ఎండలో పనిచేయుదురు. సాయంకాలము కూలి లెక్కించునపుడు మాత్రము ఆ సంచి విలువ తెలియవచ్చును. మేస్త్రికి పని కుదిరినపుడే సహాయకునకు పని; మేస్త్రి రానినాడు సహాయకుడు ఇంటికి మరలవలసినదే.

ఈ విద్య మన ప్రాంతమున చిరకాలముగా చుట్టరికమును పట్టుకొని నడచుచున్నది. తండ్రియో మేనమామయో మేస్త్రియైనచో కుఱ్ఱవానికి తాపీ చిక్కును. అట్టి అండ లేనివాడు నాలుగైదేండ్లు సిమెంటు తట్టలు మోసి, మేస్త్రి భోజనమునకు లేచిన సమయమున నాలుగు ఇటుకలు పేర్చి చూచుకొనవలెను. ఇక స్త్రీల మాట చెప్పనక్కరలేదు. ఇరువదియేండ్లు తట్టమోసిన ఆమెకు మాలు ఎంత పలుచగా ఉండవలెనో మేస్త్రికంటె బాగుగా తెలిసియుండవచ్చును. అయినను ఆమెచేతికి తాపీ ఇచ్చువారు అరుదు. ఇది చేతకానితనము కాదు, అలవాటు.

గోదావరి డెల్టాయే పనివాండ్ర చేతులతో కట్టబడిన దేశము. 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నిర్మాణమునకు ఆర్థరు కాటను పూనుకొన్నపుడు, కూలీలను సమకూర్చి పని నడిపించుటలో వీణం వీరన్నగారు ఆయనకు కుడిభుజమై నిలిచిరి. 1852 నాటికి ఆనకట్ట పూర్తియైనది. పి. గన్నవరమువద్ద వైనతేయపై 49 ఆర్చీలతో కట్టిన అక్విడెక్టు సుమారు నూటయేబది సంవత్సరములు కాలువనీటిని మోసినది. ఆ ఆర్చీలను తీర్చిన తాపీపనివాండ్ర పేర్లు మనకు తెలియవు. వారు పాఠశాలలో నేర్చినవారు కారు. అయితే ఆనాడు సున్నము గానుగలో నలిగి మెత్తపడువరకు పనివానికి ఆలోచించుకొను వ్యవధి ఉండెడిది. ఈనాటి సిమెంటు అట్లు వేచియుండదు. కలిపిన కొద్ది సేపటికే బిగియ నారంభించును. తప్పు చేసి దిద్దుకొను వ్యవధి తగ్గినది గనుక, ముందుగా నేర్చుకొనవలసినది పెరిగినది.

ఆ నేర్చుకొనవలసిన దేమి? ఇటుకను గోడలో పెట్టుటకు ముందు నీటిలో బాగుగా నానవేయవలెను. లేనిచో అది మాలులోని తడిని పీల్చివేసి అతుకును పొడిబార్చును. ఒకపాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడుపాళ్లు కంకర కలుపునపుడు 50 కిలోల బస్తాకు 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. పలుచనైన కాంక్రీటు పోయుటకు సుఖముగా ఉండునేగాని దాని బలము తగ్గును. పోసిన తరువాత కనీసము ఏడుదినములు, బూడిద కలిసిన సిమెంటైనచో పదిదినములు తడి ఆరనీయరాదు. కోనసీమకు మరి రెండు చిక్కులున్నవి. నల్లమన్ను వానకు ఉబ్బి ఎండకు కుంచించుకొనును గనుక పునాది లోతులో మొగమాటము పనికిరాదు. సముద్రపు చేరువ గ్రామములలో ఉప్పుగాలి ఊచలను తినివేయును. వానిపై కాంక్రీటు పొర తగినంత మందము ఉండితీరవలెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపానును చూచినవారికి పైకప్పు ఎందుకు గోడకు గట్టిగా బిగియవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇట్టి సంగతులను క్రమముగా నేర్పుటకు 1998లో హైదరాబాదున నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ స్థాపింపబడినది. తాపీపని, ఊచలు వంచుట, వడ్రంగము, గొట్టముల పని, విద్యుత్తు పని మొదలగువానిలో నిరుద్యోగ యువకులకు కొన్నినెలల శిక్షణ నిచ్చుట దాని పనులలో నొకటి. 2016లో వచ్చిన గ్రామీణ గృహనిర్మాణ పథకముతోబాటు 45 దినముల తాపీ శిక్షణయు ఏర్పడినది. దీనిలోని మేలేమనగా, అభ్యాసి ఒక పేదవాని నిజమైన ఇంటిని కట్టుచు నేర్చుకొనును. కట్టి పడగొట్టు గోడపై చూపని శ్రద్ధ, ఒకరు కాపురముండు గోడపై ఎవరైనను చూపుదురు.

అయితే పేదవానికి 45 దినములనగా స్వల్పము కాదు. దినకూలి మానుకొని నేర్చుకొనునపుడు ఇంటిలో పొయ్యి ఎట్లు వెలుగును? శిక్షణకాలమున భత్యము సకాలమునకు అందనిచో, నేర్చుకొనవలసిన వారే ముందుగా వెడలిపోవుదురు. మిగిలెడివారు ఇంట కొంత ఆధారమున్నవారు. శిక్షణాలయముల లెక్కలలో ఈ తేడా కనిపించదు.

నేర్పు ఒక్కటే చాలదనుటకు 2019 నిదర్శనము. ఆ యేడు రాష్ట్రమున ఇసుక కొరత ఏర్పడి నిర్మాణములు నిలిచిపోగా, గోదావరి ఒడ్డుననే ఇసుకలేక మేస్త్రులును కూలీలును నెలల తరబడి చేతులు ముడుచుకొని కూర్చుండిరి. ఇట్టి కష్టకాలమునకును, ప్రమాదములకును ఆసరాగా ఉండుటకే 1996 నాటి చట్టముతో కార్మిక సంక్షేమ మండలులు వచ్చినవి. గడచిన పన్నెండు నెలలలో 90 దినములు నిర్మాణపు పని చేసిన 18 మొదలు 60 ఏండ్ల లోపువారు అందు పేరు నమోదు చేయించుకొనవచ్చును. తాపీ పట్టినవారికే కాదు, తట్టమోయువారికిని ఆ హక్కు కలదు. మేస్త్రి చెప్పలేదని ఊరకుండక, ఆమెయు తన పేరు వ్రాయించుకొనవలెను.