పెద్దవాళ్లను కూర్చోబెట్టకండి

చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్లలో రైతుకు ముసలితనం పొలం కౌలుకిచ్చిన ఏడాది మొదలవుతుంది. అంతవరకూ ఆ మనిషి తెల్లారకముందే లేచి నల్లరేగడి చేలల్లో తిరిగినవాడే. పత్తిలో గుంటక తోలాడు, మిరపతోటకు నీళ్లు కట్టాడు, మందు డబ్బా వీపున వేసుకుని సాళ్ల వెంట నడిచాడు, టిక్కీలు బండికెత్తించి గుంటూరు యార్డు దాకా వెళ్లాడు. అరవై దగ్గరపడేసరికి పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడతారు. "ఇంక చాల్లే నాన్నా, ఎంతకాలం కష్టపడతావు" అంటారు. పొలం కౌలుకు పోతుంది. పేటలో ఇల్లు లేస్తుంది. మీట నొక్కితే నీళ్లు, గేటు దగ్గరికే పాల ప్యాకెట్టు, బజారుకు వెళ్లాలంటే గుమ్మంలోనే ఆటో. రెండేళ్లు తిరక్కుండానే అదే మనిషి కుర్చీ చేతులు పట్టుకుని, మోకాళ్ల మీద బరువు వేసి, "అమ్మా" అంటూ లేస్తుంటాడు.

పిల్లల మాటలో ఉన్నది ప్రేమే, అందులో సందేహం లేదు. కానీ ఆ ప్రేమ పెద్దవాళ్ల ఒంట్లో ఏం చేస్తుందో తెలుసుకోవాలి. 2007లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. ఏ జబ్బూ లేని, అరవై ఏడేళ్ల సగటు వయసున్న కొద్దిమందిని పది రోజులపాటు మంచం మీదే ఉంచారు. తిండికి లోటు చేయలేదు. పది రోజులు గడిచేసరికి వాళ్ల కాళ్లలోంచి దాదాపు కిలో కండ పోయింది. జ్వరమో కాలు బెణకడమో వచ్చినప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లను నెలల తరబడి పడుకోబెడుతున్నాం. "లేవకు, నేను తెస్తాగా" అని కోడలు మంచినీళ్ల గ్లాసు కూడా మంచం దగ్గరికే తెచ్చిస్తుంది. ఆ తర్వాత ఆయన లేవలేకపోతే, వయసైపోయిందని అనుకుంటాం.

ముప్పై దాటాక కండ నెమ్మదిగా తరగడం మొదలవుతుంది. అరవై దాటాక ఆ తరుగు వేగం పుంజుకుంటుంది. దాన్ని పూర్తిగా ఆపలేం, కానీ చాలావరకు నిలువరించవచ్చు, పోయిన బలాన్ని కొంత వెనక్కి తెచ్చుకోనూవచ్చు. 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ అనే వైద్యురాలు వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్లవాళ్లతో తొడల కండలకు బరువుల వ్యాయామం చేయించారు. ఎనిమిది వారాల్లో వాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్ల వయసులో సాధ్యమైనది అరవై రెండేళ్ల పల్నాటి రైతుకు కాకుండా ఎలా పోతుంది?

మీ ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లలో సత్తువ ఎంతుందో తెలుసుకోవడానికి ఆస్పత్రిదాకా వెళ్లక్కర్లేదు. చేతులు లేని కుర్చీని గోడకు ఆనించి వేయండి. రెండు చేతులూ గుండెలకు అడ్డంగా కట్టుకుని అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాడే లెక్క ప్రకారం 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువసార్లు లేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువున్నట్టు. పరీక్షే మందు కూడా. రోజూ పొద్దునా సాయంత్రం పదేసి సార్లు ఇలా లేచి కూర్చుంటే తొడలు గట్టిపడతాయి. మొదట్లో ఎవరైనా పక్కన నిలబడాలి.

బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 2,002 మందిని నేల మీద కూర్చుని, ఏ ఆసరా లేకుండా లేవమని చెప్పి, ఆ తర్వాత వాళ్ల ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనించారు. 2012లో ఫలితాలు వచ్చాయి. చేయో మోకాలో ఆనిస్తే గానీ లేవలేనివాళ్లలో మరణాలు బాగా ఎక్కువ కనిపించాయి. మనం పీట వేసుకుని నేల మీద కూర్చుని తిన్నవాళ్లం. రోజుకు రెండుమూడు సార్లు ఆ పరీక్ష మన ఇళ్లలో దానంతట అదే జరిగేది. డైనింగ్ టేబుల్ వచ్చాక పోయింది. మోకాళ్లు ఇప్పటికే అరిగినవాళ్లు కష్టపడి కింద కూర్చోవద్దు. నలభై, యాభైలలో ఉండి, మోకాళ్లు బాగున్నవాళ్లు మాత్రం రోజుకో పూటైనా నేల మీద కూర్చుని తినండి. నేను మనస్ఫూర్తిగా చెప్తున్న మాట ఇది.

పొలం కౌలుకిచ్చేటప్పుడు గట్టు పక్కన పది సెంట్లు మీకోసం ఉంచుకోండి. నాలుగు బీరపాదులు, రెండు సాళ్ల బెండ, ఒక మడి గోంగూర. వెళ్లి రావడం నడకకు, పాదు తవ్వడం, బిందెతో నీళ్లు పోయడం బలానికి. కూరగాయల ఖర్చు కలిసొస్తుందని చెప్పడం లేదు. ఎవరో చేయమన్నందుకు చేసే వ్యాయామం నెల తిరక్కుండా ఆగిపోతుంది. పాదు ఎండిపోతుందని వెళ్లే మనిషి ఏడాది పొడుగునా వెళ్తాడు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. ఈ ప్రాంతంలో కూర్చుని పాడైనవాళ్లు ఒకవైపైతే, వంగి వంగి పాడైనవాళ్లు మరోవైపు. మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు పొద్దున ఆటో ఎక్కింది మొదలు సాయంత్రం దాకా నడుం వంచే ఉంటారు. తొడిమలు తీసేవాళ్లు, పొగాకు గ్రేడింగ్ చేసేవాళ్లు గంటల తరబడి ఒకే తీరున కూర్చుంటారు. "మాకు వ్యాయామం ఎందుకండీ, పొద్దస్తమానం పనేగా" అంటే ఎవరూ కాదనలేరు. కానీ కూలిపని శరీరాన్ని వాడుకుంటుంది, వ్యాయామం శరీరాన్ని తయారుచేస్తుంది. కూలిలో వేగం, విరామం మన చేతుల్లో ఉండవు. రోజంతా ముందుకు వంగిన నడుముకు సాయంత్రం ఇంకో నడక అవసరం లేదు. గంటకోసారి నిటారుగా నిలబడి చేతులు నడుం మీద పెట్టుకుని వెనక్కి వంగడం, నీడలో పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడం, కడుపునిండా పప్పు తినడం కావాలి. ఆ పది నిమిషాలు ఇవ్వడం మేస్త్రీ చేతుల్లో, రైతు చేతుల్లో ఉంది.

ఈ ఆడవాళ్ల గురించి రాస్తూ దాటవేయలేని లెక్క ఒకటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. దేశంలోకెల్లా మనమే ముందున్నాం. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగిన దశ ఆ రోజే వచ్చినట్టు. అండాశయాలు ఉంచినా ఆ దశ కాస్త ముందే రావచ్చు. ఎముకలను కాపాడే ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది, ఎముక పలచబడుతుంది. ముప్పై అయిదేళ్లకే ఆపరేషన్ అయిన మనిషికి యాభై ఏళ్లకే బాత్రూములో జారి తుంటి విరిగే ప్రమాదం పొంచి ఉంటుంది. ఆపరేషన్ అయినవాళ్లు ఎముకల బలం గురించి డాక్టరును అడగాలి. బరువు మోసే వ్యాయామం నలభైల్లోనే మొదలుపెట్టాలి. గోడకు చేతులానించి తోయడం, మడమలెత్తి మునివేళ్ల మీద నిలబడటం, రెండు లీటర్ల నీళ్ల సీసాలు చేతులతో ఎత్తి దించడం ఏ ఇంట్లోనైనా చేయొచ్చు.

పేటకు దగ్గర్లోనే కోటప్పకొండ ఉంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ ఆ కొండెక్కి శివుణ్ని సేవించేదనీ, గర్భవతయ్యాక ఎక్కలేక స్వామినే కిందికి రమ్మందనీ, వెనుతిరిగి చూడొద్దన్న షరతు తప్పినచోట స్వామి నిలిచిపోయాడనీ ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. శివరాత్రికి పురుషోత్తమపట్నం, కావూరు, అమీన్‌సాహెబ్‌పాలెం నుంచి ఆకాశమెత్తు ప్రభలు కదులుతుంటే తాతలు కూడా మోకు పట్టుకుంటారు. మిగతా ఏడాది పొడుగునా ఘాట్ రోడ్డు మీద కార్లు, బస్సులు. మెట్లదారి మాత్రం అలాగే ఉంది. గుండెకు, తొడలకు మెట్లెక్కడమంత మంచి పని తక్కువ. దిగేటప్పుడే మోకాలి మీద ఎక్కువ భారం పడుతుంది. అందుకని యాభై దాటినవాళ్లు ఓపికున్నంతవరకూ మెట్ల మీదుగా ఎక్కి, దిగేటప్పుడు బస్సెక్కడం మంచిది. గుండెజబ్బు ఉన్నవాళ్లు, కొద్ది దూరానికే ఆయాసపడేవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

నడక విషయానికొస్తే, రోజుకు పదివేల అడుగులు అనే లెక్క వైద్య పరిశోధనల్లోంచి వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని ఆ పేరుతో అమ్మింది, అంతే. 2019లో హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం డెబ్బై రెండేళ్ల సగటు వయసున్న 16 వేలమందికి పైగా ఆడవాళ్లను గమనించింది. రోజుకు సుమారు 4,400 అడుగులు నడిచేవాళ్లలో మరణాలు, 2,700 అడుగులతో సరిపెట్టేవాళ్లకంటే 41 శాతం తక్కువ. 7,500 దాటాక పెద్దగా తేడా కనిపించలేదు. ఫోనులో అంకె చూసుకుని దిగులుపడే అత్తయ్యలకు, బాబాయిలకు ఈ సంగతి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది కూడా వారానికి 150 నిమిషాల చురుకైన నడక, వారానికి రెండు రోజులు కండబలం పెంచే పని, 65 దాటితే వారానికి మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన. మనవాళ్లు నడకతోనే ఆపేస్తున్నారు. మిగతా రెండూ లేకపోతే ఆ నడక కూడా ఎక్కువకాలం నిలవదు.

దేశంలో 10 కోట్లమందికి పైగా షుగర్‌తో ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో తేల్చింది. షుగర్ ఉన్నవాళ్లు గంటసేపు నడవలేకపోతే, అన్నం తిన్నాక పది పదిహేను నిమిషాలు వరండాలో అటూ ఇటూ నడిచినా రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు. మధ్యాహ్నం భోజనం కాగానే నడుం వాల్చే మన అలవాటును ఓ పావుగంట వెనక్కి జరిపితే చాలు.

పేటలో తెల్లవారుజామున నడిచేవాళ్లు కొందరు పెద్దరోడ్డు పట్టుకుంటారు. 16వ నంబరు జాతీయ రహదారి మీద చీకట్లో లారీలు ఎంత వేగంగా వెళ్తాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వందేళ్ల వయసులో, 2011లో, టొరంటో మారథాన్ పూర్తిచేసిన ఫౌజా సింగ్ 89 ఏళ్లకు పరుగు మొదలుపెట్టిన మనిషి. 2025 జులైలో, 114 ఏళ్ల వయసులో, పంజాబ్‌లోని తన ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం గుద్ది పోయాడు. ఆయన్ను తీసుకెళ్లింది వయసు కాదు, జబ్బూ కాదు. దయచేసి హైవే మీద నడవకండి. తప్పదనుకుంటే ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన, తెల్లచొక్కా వేసుకుని, టార్చి పట్టుకుని నడవండి.

ఎండ మరో గండం. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల మన పల్నాటిదే. 2015 వేసవిలో రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వేసుకునేవాళ్లకు ఇంకా ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో ఎండెక్కాక బయటి నడక మానేసి ఇంట్లోనే కుర్చీ వ్యాయామం చేసుకోవాలి.

కండ పెరగాలంటే తిండి ఉండాలి. పెద్దవాళ్లు రాత్రిపూట "రెండు ఇడ్లీలు చాల్లే" అంటారు. మధ్యాహ్నం పచ్చడి, మజ్జిగతో కానిస్తారు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు. గుడ్డులో ఆరు గ్రాములుంటాయి, కప్పు పప్పులో ఏడెనిమిది. పక్కనే ప్రకాశం జిల్లాలో శనగ విరగపండుతుంటే సాయంత్రం బిస్కెట్లు ఎందుకు? గుప్పెడు శనగ గుగ్గిళ్లు పెట్టండి, పళ్లు లేకపోతే మెత్తగా ఉడికించి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పినంతే తినాలి.

మోకాలి నొప్పి అనగానే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం మనకు అలవాటు. నొప్పి మాత్రలు, సూదులు నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్ జబ్బు ఉందని మొదటిసారి 1937లో వైద్యపత్రికకెక్కింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల గురించే. వెన్ను బిగుసుకుపోయినట్టుంటే, మెడ తిరక్కపోతే, బలవంతంగా వంచే ఆసనాలు వేయకుండా ముందు ఎక్స్‌రే తీయించుకోవాలి.

మోకాళ్లు పోయాయని జీవితం ఆగిపోదని చూపిన మనిషి మన తెలుగునాట ఉన్నారు. భౌతికశాస్త్ర ఆచార్యులు చిలుకూరి శాంతమ్మగారు 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి రిటైరయ్యారు. మోకాళ్ల ఆపరేషన్లయ్యాక, తొంభై దాటాక కూడా, రెండు చేతికర్రల ఊతంతో విశాఖ నుంచి విజయనగరం వెళ్లి క్లాసులో పాఠం చెప్పారు. ఆమెను ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆమె కూడా కూర్చోలేదు.

ఇళ్లలో చేయగలిగింది చేస్తూనే, ఊరిని అడగాల్సినవీ ఉన్నాయి. కాలేజీ, హైస్కూలు మైదానాల గేట్లు తెల్లవారుజామున, సాయంత్రం పెద్దవాళ్లకు తెరవాలి. చుట్టూ దీపాలు, యాభై గజాలకో బల్ల, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. మూత్రం ఆపుకోలేక నడక మానేసిన ఆడవాళ్లు చాలామంది, ఆ మాట బయటికి చెప్పరు. వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు వచ్చి కుర్చీ వ్యాయామం నేర్పించాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు. ఈసారి మున్సిపల్ కౌన్సిలరు మీ వీధికి వస్తే సిమెంటు రోడ్డుతోపాటు ఇవి కూడా అడగండి. రాసివ్వండి, పక్కింటి నలుగురి చేత సంతకాలు పెట్టించండి.