నడక అలవాటు లేనివారు ఒక్కసారిగా పరుగెడితే రక్తంలో ఏమవుతుంది?

పోయిన వేసవిలో ఒకాయనను ఛాతీనొప్పితో తీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. ఇరవై ఏళ్లుగా కొట్లో కూర్చుని చేసే వ్యాపారం. షుగరు ఉందని తెలిశాక, ఒకరోజు తెల్లవారి నాగావళి గట్టున కొడుకుతో సమానంగా పరుగెత్తారట. "నడవమన్నారు కదా సిస్టరుగారూ, పరుగెడితే ఇంకా మంచిది కాదా?" అని ఆయన భార్య అడిగారు. సకాలంలో తెచ్చారు కనుక గండం గడిచింది. ఆమె ప్రశ్నకు మాత్రం నిదానంగా జవాబు చెప్పాలి.

కాసేపు జోరుగా, కాసేపు నెమ్మదిగా చేసే వ్యాయామం మంచిదే. కానీ అలవాటు లేని ఒంట్లో రక్తానికి అది పెద్ద కుదుపు. రక్తంలోని నీటి భాగాన్ని ప్లాస్మా అంటారు. జోరుగా పరుగెత్తినప్పుడు ఇది కొంత కండరాల్లోకి, కొంత చెమటగా పోయి నూటికి 10 పాళ్ల వరకు తగ్గవచ్చు. రక్తం చిక్కబడుతుంది. గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు చురుకవుతాయి. అదే సమయంలో గడ్డలను కరిగించే శక్తి కూడా పెరుగుతుంది. అయితే పరుగు ఆపాక ఆ శక్తి త్వరగా తగ్గిపోతుంది, గడ్డకట్టే గుణం మాత్రం ఇంకొంతసేపు నిలుస్తుంది. గుండె రక్తనాళాల్లో ముందే కొవ్వు పేరుకున్నవారికి అందుకే పరుగుతోపాటు ఆ తర్వాతి గంట కూడా ప్రమాదమే.

కొన్ని వారాలు క్రమంగా చేస్తే కథ మారుతుంది. ప్లాస్మా పెరిగి రక్తం సులువుగా పారుతుంది. కండరాలు రక్తంలోని చక్కెరను బాగా వాడుకుంటాయి, ఆ మేలు మర్నాటికీ ఉంటుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి చక్కెర మరీ పడిపోవచ్చు, జేబులో బెల్లంముక్క ఉంచండి. ప్లాస్మా పెరిగినందువల్ల హిమోగ్లోబిన్ అంకె కాస్త తగ్గినట్టు కనిపించవచ్చు. కానీ మన ఆడవాళ్లలో నిజమైన రక్తహీనతే ఎక్కువ, డాక్టరుగారికి చూపించకుండా వదిలేయకండి.

జపాన్‌లోని షిన్‌షూ విశ్వవిద్యాలయం వారు 2007లో ప్రచురించిన పద్ధతి మనవాళ్లకు బాగా నప్పుతుంది: మూడు నిమిషాలు వడిగా నడక, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఐదుసార్లు. పరుగు లేదు. మొదటి నెల మామూలు నడక చాలు. చివర ఒక్కసారిగా కూలబడకుండా పది నిమిషాలు మెల్లగా నడవండి. బి.పి., గుండెజబ్బు ఉన్నవారు ముందు డాక్టరుగారిని అడగాలి. నడుస్తుండగా ఛాతీ పట్టేసినా, చెయ్యి లాగినా 108కి ఫోను చేయండి.

రక్తపరీక్షకు ముందు రెండు రోజులు కఠిన వ్యాయామం వద్దు. క్రియాటినిన్ పెరిగి లేని కిడ్నీజబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానం వారికి ఇంకొక మాట. ఎండలో చెమటోడ్చి, ఒళ్లు నొప్పులని మందుల షాపులో నొప్పిబిళ్లలు కొని మింగకండి. నీళ్లు తగ్గిన ఒంట్లో అవి కిడ్నీని దెబ్బతీస్తాయి.