కొండమీది పెట్టె

జగదల్‌పూర్‌లో కాపురముంటున్న మన తెలుగు కుటుంబాలకు బస్తరు దసరా రథాన్ని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. 75 దినాల ఆ ఉత్సవానికై ఉమర్‌గావ్ వడ్రంగులు అడవి కలపతో రథాన్ని నిర్మించడం మన పిల్లలు సైతం చూచినదే. గత వర్షాకాలంలో మేమును అటువంటి పనికే పూనుకొన్నాము. మా కలప మాత్రం సాఫ్ట్‌వేరు.

కొండమీద ఉష్ణోగ్రతలను నమోదుచేసే చిన్న లినక్స్ పెట్టె ఒకటి మా అధీనంలో ఉన్నది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మూగబోయేది. పిడుగులు పడేవేళ ఎవరో ఒకరు కొండెక్కి దానిని లేపవలసి వచ్చేది. వారి ఇంటివారి ఆందోళన చూడలేక, దాని రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మేమే కొత్తగా కట్ట సంకల్పించాము.

లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన కెర్నెల్ యంత్రాన్ని మేల్కొల్పుతుంది. పిమ్మట రూట్ ఫైల్‌సిస్టమ్‌లో ‘ఇనిట్’ అనే తొలి ప్రోగ్రామును వెదకుతుంది. అది దొరకనిచో అక్కడితో సరి. మా తొలి ప్రయత్నం అక్కడే ఆగినది. ఫైలు కన్నులయెదుట ఉన్నది, కెర్నెల్ మాత్రం పనిచేసే ఇనిట్ లేదంటున్నది! రెండు దినాలు తలలు పట్టుకొన్న పిదప తెలిసినది: లోపించినది ఇనిట్ కాదు, దానిని లైబ్రరీలతో జతపరచే లోడరు. ‘లిబ్’ డైరెక్టరీలో దానిని ఉంచుట మరచితిమి.

తరువాత బిజీబాక్స్‌ను ఆశ్రయించాము. డెబియన్ వ్యవస్థ ఒక్క ఫ్లాపీలో ఇమిడేందుకు బ్రూస్ పెరెన్స్ 1995లో వ్రాసిన ప్రోగ్రామిది. వందలాది ఆదేశాలు ఒకే ఫైలులో ఉంటాయి. పిలిచిన పేరునుబట్టి అది ఆ పని చేస్తుంది. లైబ్రరీలను లోపలే కలిపి కంపైలు చేస్తే లోడరుతో నిమిత్తమే లేదు. ఈ శ్రమనంతా బిల్డ్‌రూట్ తానే చేసిపెడుతుంది. అయినా ఒకసారి చేతితో కట్టిచూడనిదే దాని విలువ తెలియదని మా అభిప్రాయం.

అసలు వ్యాధి వేరొకటి. వ్రాస్తుండగా కరెంటు పోవడంతో ఫైల్‌సిస్టమే చెడుతున్నది. కనుక రూట్‌ను స్క్వాష్‌ఎఫ్‌ఎస్‌గా, అనగా చదువుటకేగాని వ్రాయుటకు వీలులేని రీతిలో అమర్చితిమి. తాత్కాలిక ఫైళ్లు ర్యామ్‌లో, కొలతలు వేరొక విభాగంలో నిలుస్తాయి. ఆ విభాగం పాడైనా పెట్టె లేస్తుంది. బల్లమీద యాభైసార్లు ప్లగ్గు లాగిచూచిన తరువాతనే కొండకు పంపితిమి.

మరునాటి రాత్రే గాలివాన వచ్చినది. కరెంటు రెండుమార్లు పోయినది. చివరి కొద్ది నిమిషాల కొలతలు దక్కలేదు గాని, తెల్లవారేసరికి పెట్టె తనంతట తానే లేచి అంకెలు పంపుతున్నది. ఆ రోజు ఎవరూ కొండెక్కలేదు.