పాత కారు కింద ఆయిల్ చుక్కలా? బయానా ఇచ్చే ముందు ఇవి చూడండి

రామచంద్రపురంలో పది, పదిహేనేళ్లు నడిచిన కారు ఒకటి అమ్మకానికి ఉందనుకుందాం. ధర మీకు అందుబాటులోనే ఉంది. కానీ బండి నిలిపిన చోట నల్లటి చుక్కలు. ‘పాత బండి కదండీ, కాస్త కారుతుంది’ అంటారు అమ్మేవారు. ఆ చుక్కకు కారణం చిన్న వాషర్ కావచ్చు, గేర్‌బాక్సు దించాల్సిన పెద్ద పనీ కావచ్చు. డబ్బు ఇవ్వకముందే తేల్చుకోవాలి.

అది ఇంజిన్ ఆయిలేనా?

రాత్రి కారు కింద అట్టముక్క పరచి ఉంచమనండి. గోధుమ లేదా నల్ల రంగులో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో ఎర్రగానో నీళ్లలా ఉంటే రేడియేటర్ కూలెంట్ కావచ్చు. రంగు లేని నీరైతే ఏసీది, భయం లేదు.

ఎక్కడి నుంచి కారుతోంది?

ఆయిల్ పై నుంచి కిందికి జారుతుంది, బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే చుక్క పడిన చోటే లీకు ఉందనుకోకండి. ఇంజిన్ శుభ్రంగా తుడిపించి, పది, పదిహేను కిలోమీటర్లు తిప్పి, టార్చితో చూడండి. తడి కనిపించిన అన్నిటికన్నా పై భాగమే అసలు చోటు.

రిపేరు ఎంత పెద్దది?

• డ్రెయిన్ బోల్టు వాషర్, ఆయిల్ ఫిల్టర్ సీలు: ఆయిల్ మార్చేటప్పుడే అయిపోయే పని.
• ట్యాపెట్ కవర్ ప్యాకింగ్: పాత కార్లలో తరచూ కారే చోటు. చాలా కార్లలో సులువుగానే మార్చొచ్చు.
• ఆయిల్ ఛాంబర్ ప్యాకింగ్: కారు పైకి లేపి చేయాలి.
• ఇంజిన్, గేర్‌బాక్సు కలిసే చోటి ఆయిల్ సీలు: గేర్‌బాక్సు దించాలి. సీలు కన్నా కూలి ఎక్కువ. అప్పుడే క్లచ్ ప్లేటు కూడా చూపించుకోండి.

కొత్త సీలు వేసినా మళ్లీ కారుతోందా? ఇంజిన్‌లోని ఆవిరిని బయటికి పంపే పీసీవీ వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను బయటికి తోస్తుంది. ముందు దాన్ని చూడమనండి. ఇక సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంటే ఆయిల్ లోపల కాలిపోతోందని అర్థం. అది ప్యాకింగ్‌తో తీరేది కాదు.

వెంటనే ఎప్పుడు ఆపాలి?

డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ దీపం వెలిగితే పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ‘ఇంటిదాకా వెళ్దాం’ అనుకుంటే ఇంజిన్ పట్టేసే ప్రమాదం ఉంది. చల్లని ఇంజిన్‌పై, చదునైన చోట వారానికోసారి గేజ్ చూసుకోండి. ఆయిల్ మట్టం రెండు గీతల మధ్య ఉండాలి.

రిజిస్ట్రేషన్ సంగతేంటి?

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫామ్ 25తో దరఖాస్తు చేసి, తనిఖీలో నెగ్గితే మరో 5 ఏళ్లకు రెన్యువల్ చేస్తారు. కేంద్ర నిబంధనల ప్రకారం దీని ఫీజు రూ.5,000. కారు 20 ఏళ్లు దాటితే రూ.10,000. గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కాబట్టి ఆర్సీలో తేదీ చూసి, లీకు రిపేరుతో పాటు ఈ ఖర్చునూ ధరలో తగ్గించమని అడగండి.

తీసిన పాత ఆయిల్‌ను మాత్రం కాలువలో పోయకండి. డెల్టా పొలాలకు పారేది ఆ నీరే. వాడిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, సేకరించే వర్క్‌షాపులో ఇవ్వండి.