బ్రేకుల్లేని సైకిల్ సంగతి



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఉస్మాన్‌గంజ్‌లో దుకాణం నడిపే ఒక నాన్నగారు అడిగారు: “సార్, మావాడు సైకిల్‌కు బ్రేకులు తీసేయిస్తానంటున్నాడు. ఒలింపిక్స్‌లో అట్లనే తొక్కుతారంట, నిజమేనా?”

నిజమే, కానీ సగమే.

ఒలింపిక్స్‌లో రోడ్ సైక్లింగ్ వేరు, ట్రాక్ సైక్లింగ్ వేరు. బ్రేకుల్లేనిది ట్రాక్ సైకిల్. అది వెలోడ్రోమ్‌లోనే తిరుగుతుంది. ఒలింపిక్ ట్రాక్ చుట్టుకొలత 250 మీటర్లు. మలుపుల్లో వాలు 40 డిగ్రీలు దాటుతుంది, అంటే దాదాపు గోడ మీద తొక్కినట్టే. గేరు ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉంటుంది. వేగం తగ్గించాలంటే పెడల్‌ను కాళ్లతో వెనక్కి అదిమిపట్టాలి, లేదా వాలు పైకి ఎక్కాలి.

మరి బ్రేకులు ఎందుకుండవు? అందరూ ఒకే దిశలో, ముందు చక్రానికి జానెడు దూరంలో వెళ్తుంటారు. ఒక్కరు సడన్‌గా బ్రేకు వేస్తే వెనకవాళ్లందరూ పడతారు. 2024 పారిస్‌లో ఆస్ట్రేలియా పురుషుల జట్టు 4 కిలోమీటర్ల టీమ్ పర్సూట్‌ను 3 నిమిషాల 40.730 సెకన్లలో పూర్తిచేసి ప్రపంచ రికార్డు పెట్టింది. గంటకు 65 కిలోమీటర్ల వేగం అన్నమాట! అక్కడ ఎదురుగా ఆటో రాదు, బస్తా మోసుకుంటూ హమాలీ అడ్డం రాడు. మన గంజ్‌లో ఇద్దరూ వస్తారు.

రోడ్ రేసు సైకిల్‌కు మాత్రం రెండు బ్రేకులూ, గేర్లూ ఉంటాయి. పారిస్‌లో పురుషుల రోడ్ రేసు 273 కిలోమీటర్లు, ఆరు గంటలకు పైగా తొక్కాలి. బెల్జియంకు చెందిన రెమ్కో ఎవెనెపూల్ చివరి నాలుగు కిలోమీటర్లలో టైరు పంక్చరై, సైకిల్ మార్చుకుని కూడా గెలిచాడు. పిల్లలకు చూపించాల్సిన వీడియో అది. (బ్రేకుల్లేని వీడియోలు వాళ్లకు ఎలాగూ దొరుకుతాయి.)

ట్రాక్ మీద నిజంగా ఆసక్తి ఉంటే మన ఊళ్లోనే ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన ఇండోర్ వెలోడ్రోమ్‌లోనే మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ 2022 ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ రజతం గెలిచాడు. ట్రాక్ సైకిల్ కొనే ముందు పిల్లల్ని కోచ్ దగ్గరికి తీసుకెళ్లండి. ఖరీదైన సైకిల్ ముందే కొనేసి తర్వాత మూలన పెట్టడం మేం చాలా ఇళ్లలో చూశాం.

ఊరికే తొక్కడానికైతే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ నుంచి ఉంది. ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. బయల్దేరే ముందు హెల్మెట్ పట్టీ బిగుతుగా ఉందో లేదో, బ్రేకు రబ్బర్లు అరిగాయేమో మీరే చూడండి.