విరేచనాలు తగ్గాయి.. పది రోజులకు కాళ్లు పట్టు తప్పాయి: జీబీఎస్‌ను నిద్రలేపేది ఏంటి?

విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజుల్లో తగ్గిపోయాయి. ఇంట్లో అందరూ మర్చిపోయారు కూడా. పది రోజుల తర్వాత ఒక ఉదయం లేచేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు. సాయంత్రానికి మెట్లెక్కడం కష్టమైపోయింది. మర్నాడు గ్లాసు పట్టుకుంటే చేతిలోంచి జారిపోతోంది. గులియన్ బారే సిండ్రోమ్.. అదే జీబీఎస్.. చాలామందిలో ఇలాగే మొదలవుతుంది.

జబ్బు పేరు చెప్పగానే ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "అసలు ఎందుకొచ్చింది డాక్టర్‌గారూ?" ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. పెళ్లి భోజనం వల్లే అని ఒకరు. బండి మీద తిన్న పానీపూరీ వల్లే అని ఇంకొకరు. మొన్న వేయించుకున్న ఇంజెక్షన్ వల్లే అని మరొకరు. వండిపెట్టిన అమ్మ మాత్రం ఏమీ అనదు. తన చేతి వంట వల్లే ఇలా అయిందేమో అని లోలోపల కుమిలిపోతుంటుంది.

మరి ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుందా? కొంతవరకు దొరుకుతుంది. ఆ సమాధానం ఎవరికి ఉపయోగపడుతుందో తెలిస్తే, ఇంట్లో ఒకరినొకరు అనుకోవడం మానేస్తారు.

అసలు జీబీఎస్ అంటే ఏంటి?

ఒంట్లోకి క్రిములు వస్తే వాటిని చంపడానికి రోగనిరోధక వ్యవస్థ యాంటీబాడీలను తయారు చేస్తుంది. జీబీఎస్‌లో ఆ యాంటీబాడీలు, కణాలు గురి తప్పి మన నరాల మీదే పడతాయి. అందుకే దీన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు.

కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా.. నరాల మీద కూడా మైలిన్ అనే పొర ఉంటుంది. అది దెబ్బతింటే మెదడు నుంచి వచ్చే ఆదేశాలు కండరాలకు సరిగ్గా చేరవు. కొందరిలో తొడుగు కాదు, లోపలి నరమే దెబ్బతింటుంది. బలహీనత ఎక్కువగా కాళ్లలో మొదలై పైకి పాకుతుంది. చేతులు, ముఖం, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు కూడా బలహీనపడొచ్చు.

1916లో ఫ్రాన్స్ డాక్టర్లు గులియన్, బారే, స్ట్రోల్ ఇద్దరు సైనికుల్లో ఈ జబ్బును గుర్తించి వివరించారు. స్ట్రోల్ పేరు మాత్రం జబ్బు పేరులో మిగల్లేదు. ఇది అరుదైన జబ్బే. ఏడాదికి లక్ష మందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

క్రిమి వేసుకున్న వేషం

జీబీఎస్ వచ్చిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరికి, అంతకు ముందు ఆరు వారాల్లోపు ఏదో ఒక ఇన్ఫెక్షన్ వచ్చి ఉంటుంది. విరేచనాలు కావచ్చు, జలుబు, దగ్గు, జ్వరం కావచ్చు. వీటిలో ఎక్కువగా దొరికే నేరస్థుడు క్యాంపిలోబ్యాక్టర్ జెజునై అనే బ్యాక్టీరియా. ఇది కోళ్ల పేగుల్లో మామూలుగానే ఉంటుంది. కోళ్లకు పెద్దగా హాని చేయదు. సరిగ్గా ఉడకని మాంసం, పచ్చి పాలు, కలుషితమైన నీళ్ల ద్వారా మన కడుపులోకి వస్తుంది.

ఈ బ్యాక్టీరియాలోని కొన్ని రకాల పైపొర మీద ఉండే చక్కెర గొలుసులు, మన నరాల మీద ఉండే గాంగ్లియోసైడ్స్ అనే పదార్థాలను పోలి ఉంటాయి. ఒంట్లోని యాంటీబాడీలు క్రిమి కోసమే బయలుదేరతాయి. కానీ అదే పోలిక నరం మీద కనిపించేసరికి దానిమీదా దాడి చేస్తాయి. దొంగ మన ఇంటివాళ్ల చొక్కా లాంటిదే వేసుకొస్తే కాపలాదారు ఇంటివాళ్లనే కొట్టినట్టు అన్నమాట.

ఇది ఊహ కాదు. జపాన్ శాస్త్రవేత్త నోబుహిరో యూకి బృందం ఆ బ్యాక్టీరియా పైపొర పదార్థాన్ని కుందేళ్లకు ఇచ్చి చూసింది. వాటి ఒంట్లో నరాల మీద దాడి చేసే యాంటీబాడీలు తయారయ్యాయి, కాళ్లు పట్టు తప్పాయి. 2004లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి.

మరి ఇంట్లో అందరూ తిన్నారు.. ఒక్కరికే ఎందుకు?

ఇక్కడే చాలామంది పొరబడతారు. క్యాంపిలోబ్యాక్టర్ వల్ల విరేచనాలైన వాళ్లలో సుమారు వెయ్యి మందిలో ఒకరికే జీబీఎస్ వస్తుందని అంచనా. మిగతా 999 మందికి జీబీఎస్ రాదు.

అంటే ఆ క్రిమి ఒక్కటే సరిపోదు. పోలిక ఉన్న రకమే కడుపులో పడాలి. ఆ మనిషి రోగనిరోధక వ్యవస్థ దానికి ఒక ప్రత్యేకమైన తీరులో స్పందించాలి. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం చాలా అరుదు. దాన్ని ముందే కనిపెట్టే పరీక్ష లేదు. కాబట్టి ఒకే కూర తిన్న ఐదుగురిలో ఒకరు మంచం పడితే, అది వండినవాళ్ల తప్పూ కాదు.. తిన్నవాళ్ల తప్పూ కాదు.

పుణెలో ఏం జరిగింది?

2025 జనవరిలో మహారాష్ట్రలోని పుణెలో ఒక్కసారిగా జీబీఎస్ కేసులు పెరిగాయి. అనుమానిత కేసులు 200 దాటాయి. వాటిలో ఎక్కువ భాగం సింహగఢ్ రోడ్డు చుట్టుపక్కల నాందేడ్ గ్రామం, కిర్కట్‌వాడి, ధాయరి ప్రాంతాల నుంచే వచ్చాయి. అరుదైన జబ్బు ఒకే దిక్కు నుంచి ఇంతమందికి వచ్చిందంటే, వాళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నదేంటని అధికారులు వెతికారు. అందరి చూపూ నీళ్ల మీదే పడింది.

పుణెలోనే ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ రోగుల మల నమూనాలను పరీక్షించింది. కొన్నింటిలో క్యాంపిలోబ్యాక్టర్ జెజునై, మరికొన్నింటిలో నోరోవైరస్ దొరికాయి. ఆ ప్రాంతంలోని కొన్ని ప్రైవేటు వాటర్ ప్లాంట్లకు మున్సిపల్ అధికారులు సీల్ వేశారు. మన ఊళ్లలో కూడా 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుంటే చాలు, నీళ్లు మంచివే అనుకుంటాం. ఆ ప్లాంటులో నీళ్లు ఎలా శుద్ధి చేస్తున్నారు, క్యాన్లు ఎలా కడుగుతున్నారు అన్నది ఎవరమూ అడగం.

ఇలాంటిది పుణెకు ముందే పెరూలో జరిగింది. 2019లో అక్కడ పెరిగిన కేసుల వెనక క్యాంపిలోబ్యాక్టర్ ఉన్నట్టు తేలింది. 2023లో కేసులు మళ్లీ పెరగడంతో ఆ దేశం ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది.

చికెన్ మానేయాలా?

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లోనూ జీబీఎస్ కేసులు వార్తల్లోకి వచ్చాయి. గుంటూరు జీజీహెచ్‌లో చికిత్స పొందుతూ ప్రకాశం జిల్లాకు చెందిన ఒక మహిళ మరణించారు. సరిగ్గా అదే సమయంలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. రెండూ ఒకేసారి రావడంతో కోడి పేరెత్తితేనే జనం భయపడ్డారు.

కానీ రెండూ వేరువేరు. బర్డ్ ఫ్లూ ఒక వైరస్. క్యాంపిలోబ్యాక్టర్ ఒక బ్యాక్టీరియా. బాగా ఉడికిస్తే రెండూ చచ్చిపోతాయి. ముక్క లోపల ఎరుపు లేకుండా ఉడకాలి. పచ్చి మాంసం కోసిన కత్తి, చెక్కతోనే ఉల్లిపాయ, టమాటా కోయకూడదు. పచ్చి మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడిగితే ఆ చుక్కలు పక్కనున్న గిన్నెల మీద పడతాయి. మన వంటింట్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

కాకి వాలింది.. తాటిపండు పడింది

కాకి వచ్చి వాలగానే తాటిపండు రాలితే, కాకి వల్లే రాలిందని అనుకుంటాం. కాకతాళీయం అనే మాట అక్కడి నుంచే వచ్చింది. జబ్బుల విషయంలో ఈ పొరపాటు ఇంకా తేలిక.

ఒక చిన్న లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 5 కోట్లు. లక్షకు ఒకరిద్దరు అనుకుంటే, ఏ ఔట్‌బ్రేక్ లేకపోయినా ఏడాదికి 500 నుంచి 1,000 మందికి జీబీఎస్ రావచ్చు. అంటే వారానికి పది, ఇరవై మంది. వాళ్లలో ఎవరో ఒకరు అంతకు ముందు వారం టీకా వేయించుకుని ఉంటారు. ఇంకొకరు కొత్త మాత్ర మింగి ఉంటారు. మరొకరు విందుకు వెళ్లొచ్చి ఉంటారు. ముందు జరిగినంత మాత్రాన అదే కారణం అయిపోదు.

అలాగని ప్రతిదీ కాకతాళీయం అని కొట్టిపారేయడమూ తప్పే. 1976లో అమెరికాలో స్వైన్ ఫ్లూ భయంతో దాదాపు 4.5 కోట్ల మందికి టీకాలు వేశారు. కొన్ని వారాలకు జీబీఎస్ కేసులు కనిపించాయి. టీకా వేయించుకున్నవాళ్లలో ఎన్ని, వేయించుకోనివాళ్లలో ఎన్ని అని లెక్క కట్టారు. టీకా వేసుకున్న ప్రతి లక్ష మందిలో సుమారు ఒక కేసు అదనంగా తేలింది. ఆ డిసెంబరులోనే కార్యక్రమాన్ని ఆపేశారు. 2021లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ కూడా ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా దుష్ప్రభావాల జాబితాలో జీబీఎస్‌ను 'చాలా అరుదు' అని చేర్చింది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో వేసింది ఆ టీకానే. మరోవైపు ఫ్లూ టీకా వల్ల ఉన్న ముప్పు కంటే, ఫ్లూ జ్వరం వల్ల జీబీఎస్ వచ్చే ముప్పే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి.

అంటే ఒక మనిషిని చూసి కారణం తేల్చడం కష్టం. చాలామందిని కలిపి లెక్క కడితేనే నిజం బయటపడుతుంది.

కారణం తెలిస్తే వైద్యం మారుతుందా?

చాలామందికి ఆశ్చర్యంగా అనిపించే సంగతి ఇదే.. మారదు. విరేచనాల వల్ల వచ్చినా, జలుబు వల్ల వచ్చినా, ఏ కారణం దొరక్కపోయినా ప్రధాన చికిత్స రెండే. ఒకటి ఐవీఐజీ.. అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను సాధారణంగా ఐదు రోజుల పాటు సెలైన్‌లా ఎక్కించడం. రెండోది ప్లాస్మా మార్పిడి. రెండూ సమానంగా పనిచేస్తాయి. స్టెరాయిడ్ మాత్రల వల్ల జీబీఎస్‌లో లాభం లేదని తేలింది. బలహీనత మొదలైన రెండు వారాల్లోపు చికిత్స మొదలైతే మేలు ఎక్కువ.

పైగా కాళ్లు పట్టు తప్పేసరికి ఆ క్రిమి ఒంట్లోంచి వెళ్లిపోయి ఉండొచ్చు. అందుకే చాలామందిలో కారణం ఫలానా అని ఖాయంగా దొరకదు. ఇతర ఆటోఇమ్యూన్ జబ్బుల్లో ఇది మరీ కష్టం. నటి సమంత తనకు మయోసైటిస్ ఉందని 2022లో స్వయంగా చెప్పారు. ఆ జబ్బు ఎందుకు మొదలైందన్నది చాలామంది రోగుల్లో తేలదు.

మరి కారణం వెతకడం దేనికి? ఊరి కోసం. ఒకే వీధిలో ఇద్దరికి జీబీఎస్ వచ్చిందని ఆరోగ్యశాఖకు తెలిస్తే ఆ నీటి ట్యాంకును పరీక్షిస్తారు. మూడో మనిషికి రాకుండా ఆపొచ్చు.

డాక్టర్‌కు ఇవి చెప్పండి

* తిమ్మిర్లు లేదా బలహీనత మొదలైన తేదీ. అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.
* గత ఆరు వారాల్లో విరేచనాలు, వాంతులు, జ్వరం, జలుబు ఏమైనా వచ్చాయా? ఎప్పుడు?
* ఏ నీళ్లు తాగుతున్నారు? ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?
* టీకా, ఆపరేషన్, కొత్త మందులు.. ఉంటే తేదీలతో సహా.
* ఇంట్లోగానీ వీధిలోగానీ ఇంకెవరికైనా ఇలాంటి లక్షణాలు ఉన్నాయా?

ఆలస్యం చేస్తేనే అసలు ప్రమాదం

మామూలు పక్షవాతం ఎక్కువగా ఒకవైపే వస్తుంది, అదీ హఠాత్తుగా. జీబీఎస్‌లో రెండు కాళ్లూ, రెండు చేతులూ గంటలు, రోజుల్లో బలహీనపడుతూ వస్తాయి. పక్షవాతం అనుకుని పసరు మందుకు తీసుకెళ్తే విలువైన సమయం పోతుంది. న్యూరాలజిస్టు, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి. మింగడం కష్టమైనా, మాట తడబడినా, ఊపిరి అందకపోయినా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.. 108కి ఫోన్ చేయండి. జీబీఎస్ వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి వెంటిలేటర్ అవసరం పడుతుంది. ఐవీఐజీ ఖరీదైన మందు కాబట్టి ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందేమో చేరేటప్పుడే అడగండి.

మంచి వైద్యం అందినా ప్రతి 20 మందిలో సుమారు ఒకరు చనిపోతున్నారు. అయితే ఎక్కువ మంది కోలుకుంటారు. ఆరు నెలలు తిరిగేసరికి పది మందిలో సుమారు ఎనిమిది మంది ఎవరి సాయం లేకుండా నడుస్తారు. ఆ నెలల్లో ఫిజియోథెరపీతో పాటు పక్కన కూర్చునే మనిషి కావాలి. ఏ పూట ఏం తిన్నావని నిలదీసే మనిషి కాదు.

గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. లక్షణాలు కనిపిస్తే వెంటనే డాక్టర్‌ను కలవండి.